మక్క కంకి కడుపుకా? కారుకా?

పోయిన నెల మన గోడ పత్రికలో పాము కాటు గురించి చదివారు. ఈ నెల నా వంతు వచ్చింది. నేను కోడిగుడ్డు గురించి మొదలుపెట్టి పెట్రోలు దగ్గరకు పోతాను. ఈ రెండింటికీ ఏం సంబంధమని నవ్వకండి. మొదట నేనూ నవ్వినవాణ్నే.

గుడ్డు రాని వారం

2024 డిసెంబరులో ఒక వారం మన మెస్సులో గుడ్డుకు బదులు అరటిపండు పెట్టారు. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. చిన్న తరగతుల పిల్లలు పళ్లెం పట్టుకుని వంట మనిషి ముఖం చూస్తూ నిలబడ్డారు. నేను ధైర్యం చేసి వార్డెన్ సారును అడిగాను.

"గుడ్డు రేటు పెరిగింది బిడ్డా. పాత రేటుకు తెస్తే మునుగుతనని గుడ్లు తెచ్చేటాయన అంటున్నడు. పై ఆఫీసుకు రాసిన, వచ్చే వారం వస్తయి" అన్నారు సారు.

"గుడ్డు రేటు ఎందుకు పెరిగింది సార్?"

"చలికాలం గుడ్లు ఎక్కువ తింటరు, అదొకటి. దాణా రేటు పెరిగింది, అది ఇంకోటి. దాణాల సగానికి పైగా మక్కలే. మక్కల రేటు పెరిగింది."

నాకు ఆశ్చర్యమేసింది. ఎందుకంటే ఆ దసరాకే మా బాపు మక్కలు అమ్మి నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. క్వింటాలుకు 2,300 వచ్చిందని అవ్వకు చీర, నాకు చెప్పులు తెచ్చాడు. అంటే మా బాపుకు చెప్పులు తెచ్చిన ధరే నా పళ్లెంలో గుడ్డును తీసేసిందా? ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మరునాడు సాంఘికశాస్త్రం సారును పట్టుకున్నాను. అప్పటి నుంచి సారు చెప్పినవి, లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసి రాసుకున్నవి కలిపి ఈ పాఠం రాస్తున్నాను.

1. ఇథనాల్ అంటే ఏమిటి?

మన పెద్దవాళ్లు ఇప్పపువ్వును నానబెట్టి, పులియబెట్టి, కుండ మీద కుండ పెట్టి కాస్తే ఏం వస్తుందో మీకు తెలుసు. (వార్డెన్ సారు క్షమించాలి, ఇది సైన్సు పాఠం కోసమే!) పువ్వులోని చక్కెరను సూక్ష్మజీవులు తిని ఆల్కహాలుగా మారుస్తాయి. ఆ ఆల్కహాలు పేరే ఇథనాల్. ఫ్యాక్టరీలో కూడా ఇదే పని పెద్ద పెద్ద ట్యాంకుల్లో జరుగుతుంది. చెరకు రసం, మొలాసిస్, నూకలు, బియ్యం, మొక్కజొన్న వేటితోనైనా చేయవచ్చు. గింజలైతే ముందు వాటిలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చాలి, అంతే తేడా. చివర్లో నీరంతా తీసేసి, పెట్రోలులో కలుపుతారు. ఇలా పంటల నుంచి, మొక్కల నుంచి తీసే ఇంధనాన్ని జీవ ఇంధనం అంటారు. నూనె గింజల నుంచి తీసి డీజిలులో కలిపేదాన్ని బయోడీజిల్ అంటారు.

పుస్తకంలో మొక్కజొన్న అని ఉంటుంది. మా ఊర్లో మక్కలంటాం. నేను రెండూ రాస్తాను, తప్పనుకోవద్దు.

2. ప్రభుత్వం ఎందుకు కలపమంటోంది?

మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి దేశాల నుంచే కొంటున్నాం. దానికి డాలర్లు పోతాయి. యుద్ధమొస్తే ధర పెరుగుతుంది. అందుకని 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమం మొదలుపెట్టారు. చాలా ఏళ్లు అది నత్తనడకే. 2013–14లో దేశం మొత్తం మీద కలిసింది 1.5 శాతమే.

2018లో జాతీయ జీవ ఇంధన విధానం వచ్చింది. పాడైన గింజలే కాదు, దేశంలో మిగులు ఉందని కమిటీ తేల్చిన ధాన్యాన్ని కూడా ఇథనాల్‌కు వాడవచ్చని అందులో రాశారు. 20 శాతం కలపాలన్న లక్ష్యం మొదట 2030కి పెట్టుకున్నారు. 2022లో ఆ విధానాన్ని సవరించి 2025–26కే రావాలన్నారు. 2022 జూన్ నాటికి 10 శాతం అందుకున్నారు. 2025లో 20 శాతం అందుకున్నారు.

దీనిలో మంచి లేదని నేననను. చమురు దిగుమతి కొంత తగ్గింది. చెరకు రైతుల బాకీలు తీర్చడానికి మిల్లులకు డబ్బు వచ్చింది. మక్క రైతుకు కొత్త కొనుగోలుదారుడు దొరికాడు. మా బాపు నవ్వు కూడా ఆ లెక్కలోదే. కానీ తక్కెడకు రెండు పళ్లాలుంటాయి. రెండోది కూడా చూద్దాం.

3. ఒక చిన్న లెక్క

ఒక టన్ను మక్కల నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే ఒక క్వింటాలుకు 38 లీటర్లు. తిరగేసి చూస్తే లీటరు ఇథనాల్‌కు సుమారు 2 కిలోల 600 గ్రాముల మక్కలు కావాలి.

కారు ట్యాంకులో 40 లీటర్ల పెట్రోలు పోశామనుకోండి. అందులో 20 శాతం, అంటే 8 లీటర్లు ఇథనాల్. అదంతా మక్కలతో చేసినదే అయితే 21 కిలోల మక్కలు.

ఇప్పుడు కోడి లెక్క. గుడ్ల కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో మక్కలు 60 గ్రాములనుకుందాం. 21 కిలోల మక్కలు ఒక కోడికి 350 రోజులు వస్తాయి. మంచి కోడి ఆ రోజుల్లో దాదాపు మూడు వందల గుడ్లు పెడుతుంది. అంటే కారు ఒక్కసారి ట్యాంకు నింపుకుంటే అందులోని ఇథనాల్ వెనక మూడు వందల గుడ్ల మక్కలున్నాయి. మన హాస్టల్ మొత్తానికి ఒక పూట గుడ్లు!

ఈ లెక్కలో ఒక సవరణ ఉంది. ఇథనాల్ తీసిన తర్వాత పిప్పి మిగులుతుంది. మక్కల బరువులో సుమారు మూడో వంతు. దాన్ని ఎండబెట్టి మళ్లీ పశువుల, కోళ్ల దాణాలో కలుపుతారు. కాబట్టి మొత్తం నష్టం కాదు. మూడు వందల గుడ్లకు బదులు రెండు వందలనుకోండి. లెక్క న్యాయంగా ఉండాలి కదా.

4. ధర ఎక్కడ పుడుతుంది?

ఇదే ఈ పాఠంలో అసలు కిటుకు. జాగ్రత్తగా చదవండి.

అంగడిలో వస్తువు ధర కొనేవాడి అవసరాన్ని బట్టి, అమ్మేవాడి దగ్గరున్న సరుకును బట్టి ఉంటుందని మనం చదువుకున్నాం. ఇదివరకు మక్కలకు పెద్ద కొనుగోలుదారులు కోళ్ల దాణా వాళ్లు, గంజిపొడి ఫ్యాక్టరీల వాళ్లు. ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీ వచ్చి చేరింది. అయితే ఈ మూడో మనిషికి ఒక ప్రత్యేకత ఉంది. అతడి సరుకును ప్రభుత్వ చమురు కంపెనీలు కొంటాయి. ఏ ధరకు కొనాలో ముందే నిర్ణయమై ఉంటుంది.

2024 జనవరిలో మక్కల ఇథనాల్ ధరను లీటరుకు 5 రూపాయల 79 పైసలు పెంచి 71 రూపాయల 86 పైసలు చేశారు. లెక్క కట్టండి. క్వింటాలుకు 38 లీటర్లు. 38ని 5.79తో గుణిస్తే 220 రూపాయలు. అంటే ఒక్క ఉత్తర్వుతో, క్వింటాలు మక్కల మీద ఫ్యాక్టరీ చేతికి 220 రూపాయలు ఎక్కువ వచ్చాయి. క్వింటాలు మొత్తానికి సుమారు 2,730. పిప్పి అమ్మిన డబ్బు వేరే. బొగ్గు, కూలి, మిగతా ఖర్చులు పోను అతడు మక్కలకు ఎక్కువ ధర పెట్టగలడు. అతడు ఎక్కువ పెడితే దాణా వాడు కూడా పెట్టాల్సిందే. లేకపోతే కోళ్లకు తిండి ఉండదు. దాణా వాడు పెట్టినది గుడ్డు మీదకు వస్తుంది. గుడ్డు మీదకు వచ్చింది మన పళ్లెం మీదకు వస్తుంది.

ఢిల్లీలో రాసిన ఒక అంకె మన మెస్సు దాకా నడిచి వచ్చిన దారి ఇదీ!

ఒకప్పుడు మన దేశం వియత్నాం, బంగ్లాదేశ్ వంటి దేశాలకు మక్కలు అమ్మేది. 2024లో మయన్మార్, ఉక్రెయిన్ల నుంచి కొనుక్కోవలసి వచ్చింది. ఇథనాల్ తయారీలో చెరకును దాటి మక్కలే ముందుకొచ్చాయి.

5. ప్రభుత్వానికి ఈ సంగతి తెలుసా?

తెలుసు. దానికి ప్రభుత్వ ఉత్తర్వులే సాక్ష్యం.

2023లో వానలు సరిగా పడలేదు. బియ్యం ధర పెరుగుతోందని ఆ జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపారు. ఎఫ్.సి.ఐ. గోదాముల బియ్యాన్ని ఇథనాల్ ఫ్యాక్టరీలకు ఇవ్వడం కూడా అదే నెలలో ఆపారు. చెరకు దిగుబడి తగ్గి చక్కెర ధర పెరుగుతుందని డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ చేయవద్దన్నారు. అదే నెలలో కొంత సడలించారు. 2024 ఆగస్టులో ఈ ఆంక్షలు ఎత్తేశారు. ఇథనాల్‌కు, తిండి ధరకు సంబంధం లేకపోతే ఇవన్నీ ఎందుకు చేస్తారు? అయితే బియ్యం, చెరకు ఆపినప్పుడు ఫ్యాక్టరీలు ఊరుకోలేదు. మక్కల మీద పడ్డాయి. ఒక రంధ్రం మూస్తే నీళ్లు ఇంకో రంధ్రం నుంచి వచ్చినట్లయింది.

6. అమెరికా కంకి, మెక్సికో రొట్టె

ఇది మన ఒక్క దేశం కథ కాదు. అసలు కథ అమెరికాలో మొదలైంది.

అమెరికా 2005లో ఒక చట్టం చేసింది. పెట్రోలులో ఇంత జీవ ఇంధనం కలిపి తీరాలని అందులో ఉంది. 2007 డిసెంబరులో ఇంకో చట్టంతో ఆ లక్ష్యాన్ని బాగా పెంచింది. 2022 నాటికి 36 బిలియన్ గ్యాలన్లు! అందులో మక్కల ఇథనాల్ వాటా 15 బిలియన్ల దాకా ఉండవచ్చు. రైతులు మక్కల మీద పడ్డారు. ఇప్పుడు అమెరికాలో పండే మక్కల్లో పదింట దాదాపు నాలుగు వంతులు ఇథనాల్ ఫ్యాక్టరీకే పోతాయి. అక్కడ బుషెల్ అనే కొలత ఉంది, మక్కలైతే 25 కిలోల 400 గ్రాములు. 2005లో బుషెల్ ధర దాదాపు 2 డాలర్లు. 2008 జూన్‌లో 7 డాలర్లు దాటింది.

అమెరికా పక్కన మెక్సికో ఉంది. అక్కడివాళ్లకు మక్క రొట్టె మనకు అన్నం లాంటిది. దాన్ని టోర్టియా అంటారు. మక్కలు పుట్టింది కూడా ఆ నేల మీదే. వేల ఏళ్ల కిందట అక్కడి ఆదివాసీలు ఒక గడ్డి మొక్కను సాకి సాకి కంకిగా చేశారు. అలాంటి దేశంలో 2007 జనవరిలో రొట్టె ధర మండిపోయింది. ప్రభుత్వం వ్యాపారులతో మాట్లాడి కిలో 8 పెసోల 50 సెంటావోలకు మించి అమ్మవద్దని ఒప్పందం చేయించింది. అయినా జనవరి 31న మెక్సికో నగరంలో వేలాది మంది వీధుల్లోకి వచ్చారు. రొట్టెకు వాడేవి తెల్ల మక్కలు. అమెరికాలో ఇథనాల్‌కు వాడేవి పసుపు మక్కలు. కానీ పసుపువి పిరమైతే దాణా వాళ్లు తెల్లవాటి వైపు తిరిగారు, వ్యాపారులు సరుకు దాచారన్న మాట కూడా వచ్చింది. కంకి రంగు వేరైనా ధర ఒకదాన్ని చూసి ఇంకోటి లేచింది.

మక్కలను పెంచి లోకానికిచ్చిన వాళ్ల మనుమలకే మక్క రొట్టె అందకపోవడం చదివినప్పుడు నాకు చాలా బాధ అనిపించింది.

ఆ ఏడాది అక్టోబరులో ఐక్యరాజ్యసమితిలో ఆహార హక్కు వ్యవహారాలు చూసే జాన్ జీగ్లర్, తిండి పంటలను ఇంధనంగా మార్చడం మానవాళిపై నేరమన్నాడు. ఐదేళ్లు ఆపాలని కోరాడు.

7. నేరమంతా ఇథనాల్‌దేనా?

కాదు. ఇక్కడ తొందరపడకూడదు. 2007–08లో లోకమంతా తిండి ధరలు పెరగడానికి చాలా కారణాలున్నాయి. 2008 జూలైలో ముడి చమురు బ్యారెల్ 147 డాలర్లకు పోయింది. దానితో ఎరువులు, రవాణా ఖర్చు పెరిగాయి. ఆస్ట్రేలియాలో కరువొచ్చింది. మన దేశంతో సహా కొన్ని దేశాలు బియ్యం ఎగుమతిని ఆపాయి.

ఇథనాల్, బయోడీజిల్ వాటా ఎంత? ఇక్కడ పెద్దవాళ్లకే మాట కలవలేదు. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన డోనాల్డ్ మిచెల్ 2008లో ధరల పెరుగుదలలో 70–75 శాతం జీవ ఇంధనాల వల్ల, వాటి వెంట వచ్చిన నిల్వల తగ్గుదల, ఎగుమతుల ఆంక్షలు, సట్టా వ్యాపారం వల్ల అన్నాడు. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ ధాన్యాల విషయంలో సుమారు 30 శాతమంది. అమెరికా ప్రభుత్వం మాత్రం రెండు మూడు శాతమే అంది. లెక్క ఎవరు వేశారో చూసి నమ్మాలన్నారు మా సారు. అయితే ఈ ముగ్గురిలో వాటా సున్నా అని ఎవరూ అనలేదు. 2011లో ప్రపంచ బ్యాంకు, ఆహార వ్యవసాయ సంస్థ మొదలైన పది అంతర్జాతీయ సంస్థలు కలిసి, ఇంత కలపాల్సిందేనన్న నిబంధనలను, రాయితీలను తీసేయాలని పెద్ద దేశాలకు సలహా ఇచ్చాయి.

ఎందుకంటే మనిషికి ధర పెరిగితే తగ్గించి తింటాడు. నిబంధనకు ఆకలి తెలియదు. కరువొచ్చినా దాని వాటా దానికి ముందు కావాలి. కరువు ఏడాది తగ్గేది తినేవాడి వాటాయే.

మన వంటనూనె సంగతి కూడా ఇదే. ఇండోనేషియాలో డీజిలులో పామాయిల్‌తో చేసిన బయోడీజిల్ కలుపుతారు. 2020లో 30 శాతం, 2023లో 35, 2025లో 40 చేశారు. మన దేశం వంటనూనెలో సగానికి పైగా బయట కొంటుంది, అందులో పామాయిలే ఎక్కువ. వాళ్ల లారీలు ఎంత తాగితే మన మూకుడుకు అంత తక్కువ. 2022 ఏప్రిల్, మే నెలల్లో వాళ్లు మూడు వారాలకు పైగా ఎగుమతే ఆపేశారు.

8. ధర పెరిగితే మనకు లాభమే కదా?

ఈ ప్రశ్న నా పక్క మంచం మిత్రుడు వేశాడు. "నీకేం తెల్వదురా. మక్కల రేటు పెరిగితే మన బాపులకే కదా పైసలు! గుడ్డు లేకుంటే ఏమాయె?"

వాడన్నది కొట్టిపారేసే మాట కాదు. నేను జవాబు చెప్పలేక, మా గదిలో పన్నెండు మందినీ అడిగి రాసుకున్నాను. మక్కలు పండించే ఇండ్లు ఐదు. మిగతా ఏడింటిలో కూలి, పత్తి, అడవి సరుకు. ఆ ఏడు ఇండ్లు గుడ్డు, నూనె, చక్కెర, కోళ్లకు నూకలు కొనుడే తప్ప అమ్మేది లేదు. పండించే ఐదింటిలో కూడా మూడు ఇండ్లవాళ్లు అప్పు కోసం కోత కాగానే అమ్మేసి, ఎండాకాలం గట్కకు మళ్లీ మక్కలే కొంటారు. అమ్మేటప్పుడు తక్కువ, కొనేటప్పుడు ఎక్కువ. నిజంగా లాభపడేది రెండిండ్లు. అందులో మాది ఒకటి. ఈ సంగతి రాయడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది. కానీ లెక్క న్యాయంగా ఉండాలి.

ఆ రెండిండ్ల లాభం కూడా ఎంతకాలం? వినండి.

2025 జనవరిలో ఎఫ్.సి.ఐ. బియ్యాన్ని ఇథనాల్ ఫ్యాక్టరీలకు క్వింటాలు 2,250 రూపాయలకే ఇవ్వాలని నిర్ణయించారు. అంతకుముందు 2,800. మన రేషన్ బియ్యం వచ్చే గోదాముల బియ్యమే అది. ఫ్యాక్టరీలకు చవక బియ్యం దొరికింది. మక్కలకు మంచి ధర ఉందని రైతులు ఎక్కువ వేశారు, పంట బాగా వచ్చింది. 2025 వానాకాలం మక్కలకు మద్దతు ధర 2,400. దసరాకు ఇంటికి పోతే బాపు కల్లంలో మక్కల కుప్ప మీద టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నాడు. దళారి 1,900 అన్నాడట.

"పోయినేడు నా ఇంటికొచ్చి అడిగిండు. ఈ ఏడు నేను పోయి అడిగితే మొఖం తిప్పుకుంటున్నడు" అన్నాడు బాపు.

నేను ఫ్యాక్టరీ సంగతి, బియ్యం సంగతి చెప్పాను. బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అంటే నా మక్కల రేటు వాన చెప్పదు, నేను చెప్ప, అంగడి చెప్పదు. ఎక్కన్నో కాయితం చెప్తదన్నమాట."

మా సారు చెప్పిన పాఠాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిరావు.

సోయా రైతుకు ఇంకో దెబ్బ తగిలింది. ఇథనాల్ పిప్పి దాణాలోకి చవకగా రావడంతో సోయా చెక్కకు గిరాకీ తగ్గింది. 2024లో సోయాకు మద్దతు ధర 4,892 ఉంటే మార్కెట్లలో అంతకన్నా తక్కువే పలికింది. ఒక పంటకు పెట్టిన మెట్టు ఇంకో పంటకు గుంటయింది.

9. మరి దారి లేదా?

ఉంది. తిండి కాని వాటితో ఇంధనం చేయవచ్చు.

మన రాష్ట్రంలోనే ఆసిఫాబాద్ వైపు జైనూర్ మండలంలో పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ చెట్లు నాటి, గింజల నుంచి నూనె తీశాయి. డీజిలుకు బదులు కానుగ నూనె వాడితే గాలిలో కలవకుండా ఆగే బొగ్గుపులుసు వాయువును 147 టన్నులుగా లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లిచ్చింది. కానుగను మనుషులు తినరు, మేకలూ అంతగా ముట్టవు. గట్టు మీద, వాగు ఒడ్డున పెరుగుతుంది. ఎవరి పళ్లెంలోదీ లాక్కోదు.

హర్యానాలోని పానిపట్‌లో వరిగడ్డితో ఇథనాల్ చేసే కర్మాగారాన్ని 2022 ఆగస్టులో ప్రారంభించారు. అస్సాంలోని నుమాలిగఢ్‌లో వెదురుతో చేసే కర్మాగారం 2025 సెప్టెంబరులో మొదలైంది. ఇవి ఖర్చుతో కూడిన పనులు, ఇంకా కొన్నే ఉన్నాయి. అయినా దారి అటే ఉందని నా అభిప్రాయం.

ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. 2003 తర్వాత జట్రోఫా అనే మొక్కను బంజరు భూముల్లో నాటితే డీజిలు సమస్య తీరిపోతుందని ఎంతో చెప్పారు. దిగుబడి రాలేదు. చాలాచోట్ల కాగితం మీద బంజరు అని ఉన్నది నిజానికి పశువులు మేసే నేల, పుల్లలు ఏరుకునే నేల. బంజరు అనే మాట వినగానే ఎవరి బంజరు అని అడగాలి. ఫ్యాక్టరీ పెట్టేచోట కూడా అడగాలి. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని, నీళ్లు, గాలి పాడవుతాయని ఊళ్లు రోడ్డెక్కితే పనులు ఆపించారు.

తిండి పంటలతో చేయక తప్పదంటే రెండు పనులు చేయాలి. కరువు ఏడాది కలిపే వాటా దానంతటదే తగ్గేలా నియమం ముందే రాసి పెట్టాలి. ధర పడిపోయిన ఏడాది రైతు దగ్గర మద్దతు ధరకు నిజంగా కొనాలి. అప్పుడు రైతుకూ తినేవాడికీ కాయితం భయం తగ్గుతుంది.

ముగింపు

మిత్రులారా! బండి నడవాలి, కాదనను. నేను హాస్టలుకు వచ్చేది కూడా బస్సులోనే. కానీ బండికి ఆకలేస్తే ఆగుతుంది, మళ్లీ పోస్తే నడుస్తుంది. పిల్లకు పెరిగే వయసులో తిండి తగ్గితే ఆ వయసు మళ్లీ రాదు. ముందు కడుపు, తర్వాత కారు. ఈ వరుస మారకూడదు.

వార్డెన్ సారుకు ఒక విన్నపం. నోటీసు బోర్డు పక్కన కొంచెం చోటిస్తే, ప్రతి అంగడి మరునాడు మక్కలు, గుడ్డు, పామాయిల్, చక్కెర, కందిపప్పు ధరలు మేం తొమ్మిదో తరగతి వాళ్లం సుద్దముక్కతో రాస్తాం. ఏ ధర ఎందుకు మారిందో నెలకోసారి ఈ గోడ పత్రికలో రాస్తాం. మా బాపులకు ఇంటికి ఫోను చేసి చెప్తాం. కాయితం ఎక్కన్నో రాస్తే రాయనీ, దాన్ని చదివేవాళ్లు గూడెంలో ఉన్నారని తెలియాలి.

ఆలోచించి జవాబు రాయండి

1. క్వింటాలు మక్కల నుంచి 38 లీటర్ల ఇథనాల్ వస్తే, బాపు అమ్మిన 15 క్వింటాళ్ల నుంచి ఎన్ని లీటర్లు వస్తాయి? దానితో 20 శాతం కలిపిన పెట్రోలు ఎన్ని లీటర్లు తయారవుతుంది?

2. మీ ఇల్లు తిండి సరుకు అమ్మే ఇల్లా, కొనే ఇల్లా? అవ్వను, బాపును అడిగి రాయండి.

3. ఎఫ్.సి.ఐ. బియ్యం ధర తగ్గిస్తే మక్కల ధర ఎందుకు తగ్గింది? మీ మాటల్లో చెప్పండి.

4. మీ ఊరి చుట్టూ తినడానికి పనికిరాని నూనె గింజల చెట్లు ఏమేమి ఉన్నాయి?

జవాబులు రాసి గోడ పత్రిక కింద కట్టిన అట్టపెట్టెలో వేయండి. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు, మిత్రులు మన్నించగలరు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి